బండికొట్టము - బొంతలసాల



నేటి నా ప్రసంగ విషయము మిక్కిలి చిన్నది. ఎద్దులును బండియు లేక ఖాళీపడిన బండికొట్టమును ఇల్లాలు బొంతలు కుట్టుకొను సాలగా మార్చుట యెట్లు? అందు భర్త చేయదగిన సాయమెంత? ఎచ్చట నాతడు చేయి వెనుకకు తీసికొనవలయును? ఈ మూడు ప్రశ్నలకు నాకు తోచిన సమాధానములను మీకు విన్నవించెదను. విషయము చిన్నదే యైనను తుద కది ధర్మవిచారమునకు దారితీయును. కావున కొంచెము ఓపికతో వినగోరెదను.

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు మార్గమున, అడవి యంచున నున్న పల్లెలలో, ఒకనాడు కాపుదనపు టిల్లన్నచో దానిప్రక్క బండికొట్టము తప్పక యుండెడిది. ట్రాక్టరులు వచ్చిన పిదప ఎద్దుల జతలు తరిగినవి. దున్నకమునకును, తోలకమునకును ట్రాక్టరును బాడుగకు పిలుచుకొనుట వాడుకయైనది. బండ్లు పోయినవి గాని కొట్టములు చాలచోట్ల నిలిచియే యున్నవి. వానిలో విరిగిన కాడియు, చినిగిన గోనెలును, వానిని కొరుకు ఎలుకలును తప్ప వేరేమియు లేదు. మా యింటి కొట్టమును చాలకాల మట్లే యుండెను.

ఇక బొంతను గూర్చి. సంస్కృతమున దీనికి కంథ యని పేరు. శంకర భగవత్పాదుల పేర ప్రసిద్ధమైన భజగోవింద స్తోత్రమున సైతము కంథను ధరించిన యోగి ప్రస్తావన గలదు. వంగదేశమున నేటికిని దీనిని కాంథా యనియే పిలుతురు. కన్నడ దేశమున కౌది యందురు. మహారాష్ట్రులు గోధడి యందురు. పేరేదైనను పని యొక్కటియే. కట్టి విడిచిన మెత్తని నూలుబట్టలను పొరలుగా పేర్చి, సూదితో ఒక్కటిగా కలుపుట. పసిబిడ్డను మొదట పరుండబెట్టునది బొంతమీదనే. అడవి యంచు పల్లెలలో పుష్యమాసపు చలికి ముసలివారికి దిక్కును బొంతయే. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75 అడుగులు దాటినప్పుడును, 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడును, ఇండ్లు విడిచి మెరకకు చేరిన సంసారముల మూటలలో బొంతలకు చోటు దొరకకపోలేదు.

బొంతకు కావలసినది పాతచీరలును, సూదియు, దారమును మాత్రమే యని మగవారి తలంపు. అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి గలదు. అది చోటు. లెక్క చూడుడు. ఆరుగజముల చీర పొడవు 18 అడుగులు. దానిని మూడు మడతలు వేసినచో 6 అడుగుల పొడవు, ఇంచుమించు 4 అడుగుల వెడల్పు గల మూడు పొరలగును. రెండు చీరలైనచో ఆరు పొరలు. ఒక మనిషికి చాలును. ఇద్దరికి సరిపడు బొంతకు నాలుగు చీరలు కావలయును. అది పరచినచో 6 అడుగులకు 8 అడుగులు ఆక్రమించును. చుట్టును కూర్చుండి కుట్టుటకు ఇరుప్రక్కల రెండేసి యడుగులు విడువగా 10 అడుగులకు 12 అడుగుల నేల యుండవలయును.

ఇంత నేల ఇంటిలో నెక్కడిది? వసారాలో పరచినచో చుట్టము వచ్చును, ఎత్తివేయవలయును. నట్టింట పరచినచో భోజనవేళ యగును, మరల చుట్టివేయవలయును. చుట్టిన ప్రతిసారియు పొరలు జరిగి ముడుతలు పడును. ఆ ముడుతమీద కుట్టిన బొంత పండుకొన్నవాని వీపునకు గ్రుచ్చుకొనును. పది దినములలో ముగియవలసిన పని రెండుమాసములు సాగును. మన యాడువారి చేతిపని పెక్కుమార్లు సగములో నిలిచిపోవుటకు హేతువు వారి సోమరితనము గాదు, ఎత్తివేయ నక్కరలేని చోటు లేకపోవుటయే.

మా యింటి యిల్లా లీ మాటనే యొకనాడు సూటిగా నన్నడిగినది. "ఏమండీ, ఆ కొట్టమున ఎలుకలు కాపురముండుచున్నవి గదా, వానికంటె నేను తక్కువదాననా?" యని. అటుపిమ్మట మే మిరువురమును కలిసి చేసిన పనిని వరుసగా చెప్పెదను. మీలో నెవరికైన పనికిరావచ్చును.

మొదట నేల. ఏండ్ల తరబడి ఇరుసునుండి కారిన కందెన మరకలు నేలలో నింకి యుండును. వానిపై పొయ్యి బూడిదయు ఊకయు దట్టముగ చల్లి, రెండుదినము లుంచి ఊడ్చి, మరల చల్లవలయును. జిడ్డు పీల్చుకొన్న పైమట్టిని గీచి యవతల పారవేయవలయును. పిదప వెలుపలి నేలకంటె అడుగెత్తుగ మట్టి పోసి దిమ్మిసతో కొట్టి, పైన షాబాదు బండలు పరచితిమి. అలికిన నేల చల్లనిదే గాని దాని దుమ్ము తెల్లని బట్టకు పట్టును. ఏటి దరినున్న పల్లెలవారు ఎత్తు మరికొంత హెచ్చుగ పెట్టుకొనుట మేలు. బట్టల మూటలను నేలమీద నుంచక అటుకమీదనే యుంచవలయును.

రెండవది వెలుతురు. కుట్టుపనికి ఉత్తరపు వెలుతురు శ్రేష్ఠము. ఉత్తరమున పెట్టిన కిటికీలో ఎండపొడ సూటిగ పడుట అరుదు గనుక వెలుగు దినమంతయు నిలుకడగ నుండును, బట్టల రంగు వెలియదు. కుడిచేత కుట్టువారికి వెలుగు ఎడమప్రక్కనుండి రావలయును. అట్లుగానిచో చేతినీడ సూదిమీద పడును. పైకప్పులో రెండుచోట్ల అద్దపు పెంకులు వేయించితిమి. కొట్టము ముందువైపు తెరచియుండెను గదా; అచ్చట మూడడుగుల మొండిగోడ కట్టి, దానిపై వెదురుతడిక బిగించి, ఒక తలుపు పెట్టితిమి. గాలి యాడుచున్నది, మేకలు మాత్రము రాలేవు.

మూడవది బట్టల భద్రత. ఉతికిన పాతచీరలకు గంజి పెట్టరాదు. గంజి వాసనకు పురుగులును ఎలుకలును చేరును. ఎండిన వేపాకును మూటలలో నుంచవలయును. గోడకు చెదలు పట్టినదేమో వారమున కొకసారి చూచుచుండవలయును. కుట్టిన బొంతలను ఆరవేయుటకు అడ్డముగ రెండు వెదురుబొంగులు వ్రేలాడదీసితిమి.

ఈ పనులలో మట్టి మోయుట, బొంగులు కట్టుట, పెంకులు సరిచూచుట నా వంతు. కిటికీ యెక్కడ నుండవలయును, అటుక యెంత యెత్తుండవలయును అనునది యామె నిర్ణయము. ఆమె కూర్చుండి చేయి చాచి చూపినచోటనే మేకు కొట్టితిమి. ఇది చిన్నమాటవలె కనబడును గాని, పనిచేయువారి చేతికొలతతో గాక పెట్టుబడి పెట్టువారి కంటికొలతతో కట్టిన సాలలు తరువాత నెవరికిని పనికిరావు.

బొంత కుట్టుటలో గూడ సాయము గలదు. పొరలు పరచునప్పుడు నాలుగుమూలల పట్టి సమముగ లాగుట కిరువురు కావలయును. ముందుగ నడుమనుండి అంచులవైపునకు పెద్దపెద్ద కుట్లు వేసి పొరలను పట్టించినచో ముడుతలన్నియు అంచునకు పోవును. అటుపిమ్మట సన్నని వరుసకుట్టు. ఆ పెద్దకుట్లు వేయుట నేనును నేర్చితిని. చూచినవారు మొదట నవ్విరి. బడిలో నలువదేండ్లు పిల్లలకు గుణింతములు దిద్దించిన చేతికి సూది పట్టుట యేమంత అవమానము?

ఇక నేను మొదట చెప్పిన ధర్మవిచారము. కొట్టము భర్తది, పాతచీరలును శ్రమయు భార్యవి. బొంతలు నాలుగు అమ్ముడుపోయి రూకలు వచ్చినచో అవి యెవరివి?

మన ధర్మశాస్త్రములలో దీనిపై ఏకాభిప్రాయము లేదు. శిల్పమువలన, అనగా చేతిపనివలన, స్త్రీ యార్జించిన ధనముపై భర్తకు స్వామ్యము గలదని కాత్యాయనుని మతము. కల్యాణి చాళుక్యుల కాలమున మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు స్త్రీధన మను మాటకు విశాలమైన యర్థము చెప్పెను. ఆ మితాక్షరను పదుమూడవ శతాబ్దమున కేతన తెలుగున పద్యములుగా రచించి మన కందించినాడు. తుదకు 1956 నాటి హిందూ వారసత్వ చట్టము పదునాలుగవ విభాగమున, స్త్రీ తన నైపుణ్యముచేతగాని శ్రమచేతగాని సంపాదించిన యాస్తికి ఆమెయే సంపూర్ణ హక్కుదారని స్పష్టముగ చెప్పినది. షెడ్యూల్డు తెగలవారికి ఈ చట్టము వర్తింపదు. కోయల యిండ్లలో వారి యాచారము వారికి ప్రమాణము. తక్కిన మన యిండ్లలో కాత్యాయనుని మాటకు కాలము చెల్లినది.

చట్టము మాట యట్లుండగా, అనుభవ మేమి చెప్పుచున్నది? గోదావరి దిగువన నరసాపురమున స్త్రీలు అల్లు లేసుపని లోకప్రసిద్ధము. మరియా మీస్ అను జర్మను విదుషి యచ్చటి స్థితిని పరిశోధించి 1982లో గ్రంథము ప్రకటించినది. ఇంట కూర్చుండి దినమంతయు అల్లు స్త్రీలను పనివారుగ నెవరును ఎంచకుండిరనియు, వారిది తీరికవేళ కాలక్షేప మనుకొనిరనియు, వర్తకమును లాభమును పురుషుల చేతిలో నుండెననియు ఆమె చూపినది. అమెరికాలో అలబామా రాష్ట్రమున జీస్ బెండ్ అను పల్లె యున్నది. ప్రత్తిచేలలో బానిసలుగ పనిచేసినవారి సంతతియగు నల్లజాతి స్త్రీలు అచ్చట పాతబట్టలతో బొంతలు కుట్టుదురు. ఆ ప్రాంతపు స్త్రీలు 1966లో తమలో తాము సహకార సంఘ మేర్పరచుకొని బొంతలు అమ్మిరి. 2006లో జీస్ బెండ్ బొంతల బొమ్మలతో ఆ దేశపు ప్రభుత్వము తపాలాబిళ్ళలు వెలువరించినది. రెండుచోట్లను చేతినేర్పునకు కొదువలేదు. బేరమును లెక్కయు ఎవరి చేతిలో నుండెనను దానియందే భేదము.

అంతదూర మేల? మా ప్రక్కయూర నొక రైతు భార్యకు మంచి సాల కట్టియిచ్చెను. మొదటి సంవత్సరము ఆమె కుట్టిన బొంతల సొమ్మును ఎరువుల బాకీకి తానే చెల్లువేసెను. ఆమెను అడుగనైన లేదు. ఆమె యేమియు అనలేదు. మరుసటి ఏడు సూది పట్టలేదు. ఇప్పుడా సాలలో మరల ఎరువుల బస్తాలే యున్నవి.

"ఇల్లొక్కటియైనప్పుడు లెక్కలు రెండేల?" యని మీలో కొంద రడుగవచ్చును. ఇల్లు ఒక్కటియే, నిజము. కాని ఇంటి యవసరమునకు ఆమె తన సొమ్ము తానుగ తీసియిచ్చుట వేరు, అడుగక మనము తీసికొనుట వేరు. మొదటిదానిలో ఆమె కుటుంబమునకు దాత. రెండవదానిలో కూలిలేని కూలి. మా యింట బొంతల లెక్కపుస్తకమును, సాల తాళపుచెవియు ఆమెయొద్దనే యుండును. పొదుపు సంఘమున ఖాతా యామె పేరనే గలదు. పోయిన సంవత్సరము ఇంటి పెంకులు మార్పించుటకు సొమ్ము చాలనప్పుడు ఆమెయే తెచ్చియిచ్చినది. నేను పుస్తకమున అప్పుగ వ్రాసికొనుమంటిని. వ్రాసికొన్నది, కొంత తీర్చితిని గూడ.

పెద్దలారా! మీ యూర ఖాళీ కొట్టము లెన్ని గలవో ఒకమారు లెక్కించి చూడుడు. ఇంటియందు కుట్టుపని తెలిసినవారు తప్పక యుందురు, వారినే యడుగుడు. వానలు వెనుదీసిన పిమ్మట కార్తికమున పని యారంభించుట మంచిది. అప్పుడు పెంకులు దింపి సరిచేయుటకు భయముండదు. మట్టియు త్వరగ నారును. పుష్యమునాటికి మొదటి బొంత సిద్ధము కాగలదు. ఆ మొదటి దానిని అమ్మవలయునో, ఇంటిలోని ముసలివారికి కప్పవలయునో ఆమెనే నిర్ణయింపనిండు.

ఇంతటితో విరమించుచున్నాను. సెలవు.