చూడకుండా కొనేవారి దగ్గర మంచి పేరు
(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల రైతుల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



మదనపల్లె టమోటా మార్కెట్టును ఎరుగనివారు మీలో ఉండరు. వ్యాపారి వచ్చి బాక్సులో చేయి పెట్టి, అడుగునున్న కాయను పైకి తీసి చూచి, ఆ తరువాతనే వేలం పాడుతాడు. పుచ్చుకాయ చేతికి తగిలిందా, ధర అక్కడనే తగ్గుతుంది. అమ్మేవాడు ఎటువంటివాడన్న విచారం అతనికి అంతగా అక్కరలేదు. సరుకు అతని చేతిలోనే ఉన్నది గదా!

సెల్‌ఫోను మీద జరిగే అమ్మకం దీనికి తలక్రిందులు. కొనేవారు హైదరాబాదులోనో, చెన్నైలోనో ఉంటారు. అడుగు కాయ వారికి కనపడదు. కనపడేది మీరు పంపిన ఫోటో, మీరు వ్రాసిన నాలుగు మాటలు. వాటిని నమ్మి ముందుగా డబ్బు పంపుతారు.

ఇది మనకు దూరపు సంగతి అనుకోవద్దు. 2023 జూలైలో టమోటా ధర మండిపోయినప్పుడు ఎన్.సి.సి.ఎఫ్. అనే జాతీయ సహకార సంస్థ మదనపల్లె, కోలారు మొదలైన చోట్ల కాయలు కొని, ఢిల్లీలో ఓ.ఎన్.డి.సి. అనే ఆన్‌లైను వేదిక ద్వారా కిలో 70 రూపాయలకు ఇండ్లకు చేర్చింది. మన కాయ నడిచిన దారిన ఇప్పుడు రైతులే కొందరు నడుస్తున్నారు.

పుంగనూరు ఆవు సంగతి కొంచెం వివరంగా చెప్పవలెను. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి ఢిల్లీలోని తన నివాసంలో ఈ ఆవులకు మేత పెట్టిన ఫోటోలు దేశమంతా చూచింది. ఎక్కడెక్కడివారో ఫోన్లలో ఈ దూడల కోసం వెదకుతున్నారు. గిరాకీ ఉన్నచోటికి మోసమూ వస్తుంది. ఈ జాతిలో ఎదిగిన ఆవు ఎత్తు మూపు దగ్గర సుమారు 70 మొదలు 90 సెంటీమీటర్లు. మనిషి నడుము దాటదు. కాని ఏ జాతి దూడ అయినా పుట్టినప్పుడు పొట్టిగానే ఉంటుంది! మామూలు నాటుదూడను పైనుంచి ఫోటో తీసి, ఇంకా పొట్టిగా కనపడేటట్లు చేసి, “అసలు పుంగనూరు” అని పెట్టడం ఎంత సులభమో చూడండి. రెండేండ్లు తిరిగేసరికి అది కొన్నవాని నడుము దాటి ఎదుగుతుంది. అమ్మినవాని పేరు అప్పటికి అతనికి గుర్తుండదు. గుర్తుండేది పుంగనూరు. “ఆ ఊరివారిని నమ్మవద్దు” అని పదిమందికి చెబుతాడు. నిజాయితీగా ఆవులు మేపుకొనే మీకు ఆ మచ్చ తగులుతుంది.

కనుక దూడ ఫోటో ఒక్కటే పంపవద్దు. తల్లిని సమనేల మీద నిలబెట్టి, ప్రక్కన కొలకర్ర పెట్టి, ఆవు వీపుకు సమానమైన ఎత్తులో ఫోనును పట్టుకొని తీయండి. తండ్రి ఎత్తు, దూడ పుట్టిన తేదీ, చెవికి వేసిన బిళ్లమీది 12 అంకెల సంఖ్య, పశువైద్యుని ధ్రువపత్రం కూడా పంపండి. సంకరమైతే సంకరమనే వ్రాయండి. పలమనేరులోని పశు పరిశోధనా స్థానంలో ఈ జాతిని కాపాడుతున్నారు. ఒకసారి వెళ్లి చూచి వస్తే మీ కంటికి పోలిక తెలుస్తుంది.

“లోపం మనమే చెబితే బేరం పోదా, అయ్యా?” అని ఒక రైతు నన్ను అడిగాడు. కొన్ని బేరాలు పోతాయి. ఆ నష్టం లేదని నేను అనను. అయితే చెప్పి అమ్మిన దూడ తిరిగి రాదు, తగవూ రాదు.

కుప్పం వైపు మామిడి రైతులకు బెంగుళూరు దగ్గర. వాట్సాప్‌లో అడిగి తెప్పించుకొనే ఇండ్లు అక్కడ చాలా ఉన్నవి. కార్బైడుతో కాయ మాగవేయడం చట్టం నిషేధించినది. గడ్డిలో మాగవేస్తే ఆ మాట, కోసిన తేదీ పెట్టెమీద వ్రాయండి. దారిలో నాలుగు కాయలు నలిగినవని ఫిర్యాదు వస్తే పదిమంది చూచేచోట వాదం పెట్టుకోవద్దు. ఫోటో అడిగి, ఆ కాయల డబ్బు ఆనాడే తిప్పి పంపి, పంపినట్లు అక్కడనే వ్రాయండి. తరువాత కొనబోయేవారు ఫిర్యాదునూ చదువుతారు, మీ జవాబునూ చదువుతారు. ఒక్కొక్కసారి అన్యాయపు ఫిర్యాదు కూడా వస్తుంది. ఒకేసారి మర్యాదగా జవాబు చెప్పి ఊరుకోండి.

డబ్బు తీసుకొని మెచ్చుకోలు వ్రాసిపెడతామనేవారు మీ దగ్గరకూ రావచ్చును. వారిని గడప తొక్కనీయవద్దు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం అమ్మేవాడు కొన్నవానిలా నటించి మెప్పు వ్రాసుకోకూడదు. పాడైన సరుకునుగాని, చెప్పినదానికి భిన్నమైన సరుకునుగాని తిరిగి తీసుకొననని అనకూడదు. చట్టం అటుంచండి, ఒకే రోజున పది మెప్పులు పడితే చదివేవారికి తెలియదా?

నేను చెప్పదలచినది ఇంతే. భోజనానంతరం దొడ్డి దగ్గర ఒక ఆవును నిలబెట్టి, కొలకర్రతో ఫోటో తీసే పద్ధతి చూపిస్తాము. ఫోన్లు తెచ్చుకొన్నవారు ముందు వరుసలోకి రండి.