నిద్ర కూడా హక్కే
(కేసముద్రం మహిళా సమావేశంలో చేసిన ప్రసంగం)

కొలెస్ట్రాల్ అనగానే నూనె తగ్గించమంటారు. నిద్ర ఎలా ఉందని ఎవరూ అడగరు. మిరపకాయలు ఏరే రోజుల్లో మన ఆడవాళ్ళు కోడి కూయకముందే లేచి వంట ముగించి పోతారు. 2019 కేంద్రప్రభుత్వ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది.

నాకు పొద్దున తలనొప్పి, పగలంతా నిస్సత్తువ. రక్తం తక్కువన్నారు, రెండేళ్ళు ఐరన్ బిళ్ళలు మింగాను. గురక సంగతి చెప్పడానికి సిగ్గుపడ్డాను, అదేదో మగవాళ్ళ సొత్తయినట్టు! చివరికి తేలింది స్లీప్ ఆప్నియా అని: నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి పదేపదే ఆగడం. ముట్లుడిగాక స్త్రీలలో ఇది పెరుగుతుంది. ఆగినప్పుడల్లా రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది, శరీరం ఉలిక్కిపడుతుంది. బి.పి. పెరుగుతుంది, రక్తంలో కొవ్వులు పెరిగి మంచి కొలెస్ట్రాల్ తగ్గవచ్చు. వదిలేస్తే గుండెకు ముప్పు.

ఢిల్లీ రాంలీలా మైదానంలో నిద్రిస్తున్నవాళ్ళను 2011లో పోలీసులు అర్ధరాత్రి తరిమిన కేసులో, నిద్ర కూడా 21వ అధికరణం కిందికి వచ్చే హక్కేనని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. మరి మన ఇళ్ళలో?

గురక, నిస్సత్తువ ఉన్నవాళ్ళు డాక్టరును నిద్ర పరీక్ష గురించి అడగండి. వచ్చే సమావేశానికి మీ ఇంట్లో ఎవరు ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తున్నారో రాసుకుని రండి.