గిరిసాగరమధ్యస్థమైన దేశము: చిలీ భూస్వరూపము



జీవితమంతయు భూగోళశాస్త్రబోధనకే అంకితము చేసిన ఒక ఉపాధ్యాయుని స్మృతికై నెలకొన్న ఈ ఉపన్యాసనిధి పక్షమున, పర్వతమునకును సముద్రమునకును నడుమ సన్నని పట్టీవలె సాగిన చిలీ దేశమును గూర్చి ప్రసంగించుట నాకు లభించిన గౌరవము.

దక్షిణ అమెరికా పడమటి అంచున సుమారు 4,300 కిలోమీటర్లు సాగియు, సగటున 180 కిలోమీటర్లకు మించని వెడల్పు గల ఈ దేశముపై 1940లో గ్రంథము రచించిన బెంహమీన్ సుబెర్కాసో, దాని పేరులోనే చిలీని ‘వెర్రి భూగోళము’గా వర్ణించెను. ఆ వెర్రిలో ఒక క్రమము కలదనియు, ఆ క్రమమును గ్రహించిననే దేశము బోధపడుననియు నా మనవి.

తూర్పున ఆండీస్, పడమట తీరపర్వతశ్రేణి, వాని నడుమ దీర్ఘమైన లోయ: ఇవియే ఆ క్రమమునకు మూలములు. సముద్రగర్భపు నాజ్కా పలక ఖండము క్రిందికి ఏటేట కొన్ని సెంటీమీటర్ల చొప్పున దూరుచుండుటచేతనే ఒకవైపున అగాధమైన కందకమును, మరియొకవైపున 6,893 మీటర్ల ఓహోస్ దెల్ సలాదో వంటి అగ్నిపర్వతములును ఏర్పడినవి.

భూమధ్యరేఖకు ఉత్తరమున మన శ్రీకాకుళము ఎంత దూరమో, దక్షిణమున అరికా నగరము దాదాపు అంతే దూరము, రెండును తీరప్రాంతములే. ఒకచోట ఋతుపవనములు పైరులను తడుపుచుండగా, రెండవచోట ఏడాదికి సగటున ఒక మిల్లీమీటరు వానయైనను పడదు. శీతలమైన హంబోల్ట్ ప్రవాహము గాలిని చల్లార్చి మేఘమును పైకి లేవనీయదు. పైనుండి దిగు పొడిగాలి దానిని అణచును. అమెజాన్ తేమను ఆండీస్ అడ్డగించును. అటకామా ఎడారి ఈ మూటి ఫలము. ఆ ఎడారికి దక్షిణమున, కొకింబో సీమలోని ఎల్ తోఫో కొండపై గుంజల నడుమ వలలు నిలువుగా కట్టిరి. స్థానికులు కమన్‌చాకా అనెడి పొగమంచు ఆ దారముల గుండా పోవుచు సూక్ష్మబిందువులను విడువగా, అవి ఒండొంటితో కలిసి, అడుగున అమర్చిన తూములోనికి జారి, 1990ల తొలినాళ్ళలో దిగువనున్న చుంగుంగో గ్రామమునకు త్రాగునీరై పారెను.

మధ్యసీమలో వానలు ముఖ్యముగా శీతకాలమున కురియును. కాని ఆండీస్ ఆ కాలపు మంచును నిలువచేసి, వేసవిలో మైపో మొదలగు నదులద్వారా ద్రాక్షతోటలకు పంచిపెట్టును. శాంతియాగో నగరమును, జనులలో అత్యధికభాగమును ఈ సీమయందే యుండుటకు ఇది ముఖ్యకారణము.

బియోబియో నది దాటి దక్షిణమునకు పోవుకొలది పడమటిగాలులు బలపడి, అదే పర్వతమును తాకి, కొన్నిచోట్ల ఏటా 4,000 మిల్లీమీటర్లకు మించిన వర్షమును, శిఖరములపై విస్తారమైన హిమక్షేత్రములను కల్పించును. ప్వెర్తో మోంత్ వద్ద నడిమిలోయ సముద్రమున మునిగిపోవును. తీరశ్రేణి చిలోయే మొదలగు ద్వీపములై తలయెత్తి నిలుచును.

ఈ నిర్మాణము నేటికిని ముగియలేదు. 1835 ఫిబ్రవరిలో కన్సెప్షన్‌ను కూల్చిన భూకంపము పిమ్మట, సముద్రతీరభూమి పైకి లేచిన గుర్తులను డార్విన్ లిఖించెను. 1960 మే 22న వాల్దివియా వద్ద, యంత్రములు నమోదు చేసినవానిలోకెల్ల గొప్పదైన 9.5 తీవ్రత గల భూకంపము సంభవించినపుడు అచటి నేల క్రుంగెను. క్రూసెస్ నదీతీరపు పచ్చికబయళ్ళు నీటిపాలై బాడవలుగా మారి, నల్లమెడ హంసలకు ఆవాసమైనవి. పశువులు మేసిన చోట పక్షులు గూళ్ళు కట్టుకొన్నవి.

ఒకే పర్వతము, ఒకే సముద్రము ఒకచోట ఎడారిని, ఒకచోట తోటలను, ఒకచోట హిమమును కల్పించుటకు కారణము గాలి, నీరు, నేల ఎచటికచట కలియు తీరే. కావున మన పాఠశాలలయందును కొండల ఎత్తులను, నదుల పొడవులను వల్లె వేయించుటతో తృప్తిపడక, బంగాళాఖాతము మొదలు తూర్పుకనుమల వరకు ఒక అడ్డుకోత పటమును విద్యార్థిచేతనే గీయించి, గాలి ఎటనుండి వచ్చును, వాన ఎచట ఆగును, నీరు ఎటు పోవును అని ప్రశ్నింపవలెనని ఉపాధ్యాయులను ప్రార్థించుచున్నాను. ఆ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకగలిగిన బాలుడు ఏ దేశపటమునైనను తనంత తాను చదువగలడు.