మొజంజాహీ మార్కెట్, డంగు సున్నం



హైదరాబాదు అబిడ్స్ దాటి కాస్త ముందుకు వెళితే, కూడలిలో గడియార స్తంభంతో గ్రానైట్ రాతి భవనం కనిపిస్తుంది. అదే మొజంజాహీ మార్కెట్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1935లో కట్టారు. ఆయన రెండో కుమారుడి పేరు పెట్టారు. ఒకప్పుడు పళ్లకు ఇదే పెద్ద బజారు. 1980లలో టోకు వ్యాపారం కొత్తపేటకు తరలింది. తర్వాత బోర్డులు, రేకులు, కరెంటు తీగలు రాతి అందాన్ని కప్పేశాయి. 2018లో మొదలైన పునరుద్ధరణ 2020 ఆగస్టుకు పూర్తయింది.

ఇలాంటి పాత కట్టడాల మరమ్మతులో ప్రాణం సున్నానిదే. సున్నం, ఇసుక గానుగలో మెత్తగా నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపేవారు మన పాత మేస్త్రీలు. ఆ డంగు సున్నం గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. లోపల చిక్కిన తేమతో పాటు లవణాలు పేరుకుని, రాయి పొరలు పొరలుగా రాలిపోతుంది. మంచి ఉద్దేశంతో పూసిన సిమెంటే భవనాన్ని తినేస్తుందన్నమాట!

ఈ మార్కెట్‌లో నాకు బాగా నచ్చింది, అది మ్యూజియం కాకపోవడం. ఐస్‌క్రీం దుకాణాలు నేటికీ అక్కడే కళకళలాడుతున్నాయి. వ్యాపారం సాగితేనే భవనానికి ఆలనాపాలనా ఉంటుంది.

మీ ఊళ్లోనూ పాత మార్కెట్టో, కచేరీయో ఉంటే, సిమెంటు బస్తా దించకముందే సున్నం పని తెలిసిన మేస్త్రీని పిలిపించండి. అలాంటివారు ఇంకా ఉన్నారు.