మేలో అండమాన్: టికెట్ ఎందుకంత తక్కువ, ఆ వాన మనదాకా ఎప్పుడొస్తుంది?

పొదిలి నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చేశా. ఈ వారం అండమాన్ గురించి మాట్లాడుకుందాం. ముందే చెప్తున్నా, ఇది ట్రావెల్ వ్లాగ్ కాదు, డ్రోన్ షాట్లు ఏమీ ఉండవు. అక్కడ మే నెల ఎలా ఉంటుందన్నదే విషయం.

ఎండాకాలం వస్తే నాకు రెండు రకాల మెసేజ్‌లు వస్తాయి. ఒకటి హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసే మన బ్యాచ్ నుంచి. "అన్నా, మే మూడో వారంలో అండమాన్ ప్యాకేజీ బాగా తక్కువకి వస్తోంది, అమ్మానాన్నల్ని తీసుకెళ్దామని ఉంది, బుక్ చేసేయనా?" రెండోది మన ఊళ్ళ నుంచి. "ఏరా అబ్బాయ్, అండమాన్‌లో రుతుపవనాలు దిగాయంట గదా, విత్తనాలు తెచ్చేసుకుందామా?" చూడ్డానికి ఒకదానికొకటి సంబంధం లేదు. కానీ రెండు ప్రశ్నలూ ఒకే గాలి గురించి.

ముందు ఎండ సంగతి. మేలో మన దగ్గర 43 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. అదే సమయంలో పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024లో పేరు మార్చాక శ్రీ విజయపురంలో, 31, 32 ఉంటుంది. చుట్టూ సముద్రం కదా, నీళ్ళు తొందరగా వేడెక్కవు, తొందరగా చల్లారవు. మన నల్లరేగడి నేల అలా కాదు, తేమ ఆరిపోయాక పెనంలా కాలుతుంది. సరే, 32 అని చూసి "ఆహా, ఊటీ" అనుకోకండి. గాల్లో తేమ చూడాలి.

థర్మామీటర్ బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాల్లో పెడితే ఒక రీడింగ్ వస్తుంది. మన ఒంటికి చెమట పట్టి ఆరినప్పుడు మహా అయితే ఎంత చల్లబడొచ్చో అది చెప్తుంది. నేను లెక్కేశాను. పొదిలిలో 43 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే తడిగుడ్డ రీడింగ్ 25 దగ్గర వస్తుంది. అండమాన్‌లో 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే 29. అంటే అక్కడ చెమట కారుతుందే తప్ప ఆరదు. మన ఇంట్లో కుండలో నీళ్ళు చల్లబడటం, కూలర్ పనిచేయడం ఇవన్నీ పొడిగాలి పుణ్యమే. అలాగని ఇక్కడ మిట్టమధ్యాహ్నం చేలో తిరగమని కాదు బాబూ, మన వడగాలి మనిషిని పడేస్తుంది. పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ఉక్కపోతని కూడా లెక్కలో వేసుకోండి, అంతే.

ఇంకో చిన్న విషయం. అండమాన్ మనకి బాగా తూర్పున ఉంది, కానీ గడియారం మాత్రం ఒకటే. మే మధ్యలో అక్కడ ఉదయం ఐదుకల్లా సూర్యుడు వచ్చేస్తాడు, సాయంత్రం 5:40 లోపే అస్తమిస్తాడు. పొదిలిలో ఆరున్నర దాటుతుంది. మన అలవాటు ప్రకారం పది గంటలకి టిఫిన్ చేసి బయల్దేరితే సగం రోజు అయిపోయినట్టే.

ఇప్పుడు గాలి దగ్గరికి వద్దాం. నైరుతి రుతుపవనాలు మన దేశంలో ముందు తాకేది ఆ దీవుల్నే. అండమాన్ సముద్రానికి మామూలు తేదీ మే 22 అని వాతావరణ శాఖ 2020లో సవరించింది, అంతకుముందు 20 ఉండేది. ఆ మూడో వారం ప్యాకేజీ ఎందుకు తక్కువో అర్థమైందిగా! మే మొదటి పది రోజులైతే ఎక్కువగా ఎండ, మధ్యలో ఒక జల్లు. రుతుపవనం దిగాక వాన ఒక్కటే కాదు, సముద్రం మారిపోతుంది.

గాలి నైరుతి నుంచి కొడుతుంది కాబట్టి పడమటి తీరాల్లో అలలు లేస్తాయి. హేవ్‌లాక్‌లో, అంటే స్వరాజ్ ద్వీప్‌లో, అందరూ ఫొటోలు దిగే రాధానగర్ బీచ్ పడమటి వైపే ఉంది. తూర్పున ఉన్న విజయనగర్, కాలాపత్తర్ వైపు కొంచెం నయం. ఎర్రజెండా పెట్టారంటే దిగొద్దు. "మాకు కొత్తపట్నం బీచ్ అలవాటే" అనే హీరోలుంటారు, వాళ్ళకి ముఖ్యంగా చెప్తున్నా. గాలి ఎక్కువైతే దీవుల మధ్య తిరిగే ఫెర్రీలు ఆపేస్తారు. 2016 డిసెంబర్‌లో వాయుగుండం వల్ల హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వందలమంది టూరిస్టులు ఇరుక్కుపోతే నేవీ ఓడలు వెళ్ళి తీసుకొచ్చాయి. అది సీజన్‌లోనే! అందుకే ప్లాన్ వేసేటప్పుడు హేవ్‌లాక్ ముందు పెట్టుకోండి, ఫ్లైట్‌కి ముందు ఒకటి రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేలా చూడండి. ప్యాకేజీ వాళ్ళు దీన్ని చెప్పరు, మనమే అడిగి మార్పించుకోవాలి. భాష గురించి భయం వద్దు, 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 13 మంది తెలుగువాళ్ళే.

మేలో తుఫాన్లు కూడా ఉంటాయి. 2022 మేలో అసని అండమాన్ దగ్గర్లో మొదలై మన కోస్తా దాకా వచ్చింది. శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి ఒడ్డుకి బంగారు రంగు రథం కొట్టుకొచ్చిన వీడియో గుర్తుందా? ఆ తుఫాను టైమ్‌లోదే.

ఇక మన బాబాయిల ప్రశ్న. నాకు అసలు ముఖ్యం ఇదే, ఎందుకంటే హాలిడే పోతే పోయేది ఒక నెల జీతం, విత్తనం పోతే పోయేది ఏడాది పంట. అండమాన్‌లో ముందు దిగితే మనకీ ముందే వస్తాయా? వాతావరణ శాఖే చెప్తోంది, ఆ తేదీకీ కేరళ తేదీకీ, సీజన్ మొత్తం వానకీ లంకె లేదని. లెక్క చూడండి. 2023లో, 2024లో రెండుసార్లూ అటు దిగింది మే 19నే. కేరళకి 2023లో జూన్ 8న వచ్చాయి, 2024లో మే 30నే వచ్చేశాయి. ఒకే రోజు బయల్దేరి తొమ్మిది రోజులు తేడా!

2025 ఇంకా చిత్రం. మే 13కే నికోబార్ తాకాయి, మే 24కి కేరళ, మే 26కి రాయలసీమలోకి కూడా అడుగుపెట్టాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగలాల్సిన టైమ్‌లో వాన! అందరూ సంబరపడ్డారు. తర్వాత రెండు వారాల దాకా అవి ముందుకే కదల్లేదు. అలాంటి గ్యాప్‌లో మొదటి జల్లుకి పెట్టిన పత్తి గింజ మొలిచి ఎండిపోతే మళ్ళీ ప్యాకెట్ కొనాల్సిందే. దుక్కి దున్ని పెట్టుకోండి, దాంట్లో నష్టం లేదు. గింజ మాత్రం టీవీలో అండమాన్ మ్యాప్ చూసి కాదు, మీ చేలో జానెడు లోతు తడిసిందో లేదో తవ్వి చూసి పెట్టండి.

మీ మండలంలో పోయిన ఏడాది మొదటి పదునైన వాన ఏ తేదీన పడిందో కామెంట్స్‌లో రాయండి, ఊరి పేరుతో సహా. అన్నీ ఒక షీట్‌లో పెట్టి వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా. ఉంటానండి మరి, బై.