రెండు సీట్ల నుంచి నాలుగు సీట్లకు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంజనీరువి గనక ఏదైనా సాంకేతిక విషయం చెప్పు, కానీ ఎవరికీ నిద్ర రాకూడదు" అన్నారు కార్యదర్శి గారు. నా ఉద్యోగం గురించి చెబితే నిద్ర ఖాయం. అందుకే మా విమానం సంగతి చెబుతాను. విమానం అనగానే కోటీశ్వరుల వ్యవహారం అనుకోకండి. అమెరికాలో పాత చిన్న విమానాలను ఉద్యోగస్తులు నలుగురు కలిసి కొనుక్కోవడం మామూలే. నేనుండే డాలస్ దగ్గర మేం ముగ్గురం కలిసి ఒకటి కొన్నాం.

నేను నేర్చుకున్నది సెస్నా 152 మీద. రెండే సీట్లు, 110 అశ్వశక్తి ఇంజను. గంటకు సుమారు 23 లీటర్ల పెట్రోలు తాగి 185 కిలోమీటర్లు పోతుంది. పక్కన కూర్చున్నవాళ్ల భుజం మన భుజానికి తగులుతూనే ఉంటుంది. నేర్చుకోవడానికి అంతకంటే మంచిది లేదు. కానీ అమ్మాయి కాన్సాస్ సిటీలో కాలేజీలో చేరాక ఇంట్లో కొత్త ప్రశ్న వచ్చింది: నలుగురం కలిసి వెళ్లేదెలా?

డాలస్ నుంచి కాన్సాస్ సిటీకి కారులో ఎనిమిది గంటల పైమాటే. ఆకాశమార్గాన దాదాపు 740 కిలోమీటర్లు. 152లో అయితే నాలుగు గంటలు, మధ్యలో పెట్రోలు కోసం దిగాలి. నాలుగు సీట్ల సెస్నా 182లో సుమారు మూడు గంటలు. గమనించండి, ఆదా అయింది గంట, గంటన్నరే. దానికి గంటకు 48 లీటర్ల దాకా పెట్రోలు కావాలి. వేగం కోసమే అయితే ఆ బేరం గిట్టుబాటు కాదు. మేం కొన్నది బరువు మోసే శక్తిని.

ఇక్కడే మన లెక్కల మాస్టారి పాఠం కావాలి. విమానం మొత్తం బరువుకు తయారీదారు ఒక హద్దు పెడతాడు. నేను నడిపిన 152కి ఆ హద్దు 757 కిలోలు. ఖాళీ విమానం 522. మిగిలింది 235. నిండా పెట్రోలు పోస్తే 67 పోయి 168 మిగులుతుంది. నేను 82, మా ఆవిడ 68. ఇక సామానుకు 18 కిలోలు! ఆవకాయ జాడీ పెడితే బట్టల పెట్టె దింపాలి.

మా 182కి హద్దు 1,338 కిలోలు. ఖాళీ బరువు 816, నిండు పెట్రోలు 204. మిగిలింది 318. మేం నలుగురం కలిసి 283. సామానుకు 35 కిలోలు. అంతే. సీట్లు నాలుగున్నాయి కదా అని నలుగురు బరువైనవాళ్లను, నాలుగు పెట్టెలను, నిండు పెట్రోలును ఒకేసారి ఎక్కించలేం. ఏదో ఒకటి తగ్గించుకోవాలి. డాలస్‌లో వేసవి ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు గాలి పలచబడి ఇంజను శక్తీ, రెక్కల ఎత్తుదలా తగ్గుతాయి. ఆ రోజు ఇంకొంచెం తగ్గించుకోవాలి.

ఎంత బరువన్నదే కాదు, ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యం. ఎడ్లబండిలో గడ్డిమోపులు వెనక్కి ఎక్కువ వేస్తే కాడి పైకి లేస్తుంది, ఎడ్లకు పట్టు దొరకదు. విమానమూ అంతే. గరిమనాభి హద్దు దాటి వెనక్కి జరిగితే ముక్కు మన మాట వినదు. తొమ్మిదో తరగతిలో స్కేలు మీద తూకంరాళ్లు పెట్టి చేసిన భ్రామకాల లెక్కనే నేను ప్రతి ప్రయాణానికి ముందు కాగితం మీద వేస్తాను.

"ఎలాగూ కొంటున్నావు, ఆరు సీట్లది కొనొచ్చుగా" అన్నారు మిత్రులు. ఏడాదికి ఒకసారి వచ్చే చుట్టాల కోసం ఏడాదంతా పెద్ద ఇంటికి అద్దె కట్టం కదా. ఎక్కువసార్లు చేసే ప్రయాణాన్ని బట్టి కొనాలి. విమానం వాడినా వాడకపోయినా షెడ్డు అద్దె, బీమా, ఏటేటా తనిఖీ తప్పవు. ఇంజను పూర్తి మరమ్మతుకు గంటగంటకూ కొంత పక్కన పెట్టాలి.

డబ్బు కంటే పెద్ద లెక్క ఇంకొకటుంది. 200 అశ్వశక్తి దాటిన ఇంజను నడపాలంటే అక్కడ శిక్షకుడి సంతకం తప్పనిసరి. అది తెచ్చుకున్నాక, కుటుంబాన్ని ఎక్కించేముందు మేఘాల్లో పరికరాలు మాత్రమే చూసి నడిపే అర్హత కూడా సంపాదించాను. దానికి కనీసం 40 గంటల సాధన కావాలి. ఎందుకంటే 1999 జులై 16 రాత్రి జరిగింది నా తరం పైలట్లెవరూ మరచిపోలేరు. అధ్యక్షుడు కెనెడీ కుమారుడు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ తన భార్యను, ఆమె అక్కను ఎక్కించుకుని బయలుదేరారు. అంతకుముందు ఆయన దగ్గరున్నది సెస్నా 182. ఆ రాత్రి నడిపింది ఇంకా పెద్దదైన పైపర్ సారటోగా. చీకటి, మంచుపొర, కింద సముద్రం. ఏది పైనో ఏది కిందో తెలియక అదుపు తప్పింది. ముగ్గురూ పోయారు. ఆయనకు పరికరాల అర్హత లేదు.

విమానం పెద్దదైతే ధైర్యం కూడా పెద్దదవుతుంది, నేర్పు మాత్రం దానంతటది పెరగదు. పైగా వెనక సీట్లో మనవాళ్లుంటే "ఎలాగైనా చేరాలి" అనే ఒత్తిడి నాలుగింతలవుతుంది. అందుకే మా ఆవిడ ఒక షరతు పెట్టింది: "నలుగురిలో ఎవరు వద్దన్నా ఆ రోజు విమానం కదలకూడదు. ఎందుకని అడగకూడదు." పైలట్‌గా నేను విన్న నిబంధనల్లో ఇంతకంటే మంచిది లేదు.

అమ్మాయి పట్టా పుచ్చుకునే రోజు మే నెలలో వచ్చింది. ముందురోజు ఓక్లహోమా మీదుగా ఉరుముల మేఘాలు బారులు తీరాయి. అలాంటి మేఘాల మీదుగా ఎగిరే శక్తి మా విమానానికి లేదు. తీవ్రమైన వాటికి కనీసం 20 మైళ్ల దూరం ఉండమని నిపుణుల సలహా. నేనింకా పటం చూస్తుండగానే మావాడు "నాన్నా, నేను వద్దంటున్నాను" అన్నాడు. కారు తీశాం. రాత్రంతా వంతులవారీగా నడిపి, నలిగిన బట్టలతో హాల్లో చివరి వరుసలో కూర్చున్నాం. అమ్మాయి పేరు పిలిచినప్పుడు ముగ్గురం అక్కడున్నాం. విమానం షెడ్డులో ఉంది.

పిల్లలూ, మీలో కొందరు నాకంటే పెద్ద విమానాలు నడుపుతారు, కొందరు తయారు చేస్తారు. జీవితంలో మీ సీట్లు పెరిగినప్పుడల్లా, మోయగలిగే బరువెంతో మళ్లీ లెక్క వేసుకోండి. ఆ లెక్కకు కావలసిన కూడికలు, తీసివేతలు, భ్రామకాలు అన్నీ ఈ బడిలోనే దొరుకుతాయి. నాకు దొరికాయి.

అవి నేర్పిన గురువులకు పాదాభివందనం.