కొండెక్కి, గుహలో దిగి



వేసవి సెలవుల్లో అమ్మనీ పిల్లల్నీ తీసుకుని డెర్బీషైర్‌లోని మాట్లాక్ బాత్ వెళ్ళాం. అక్కడి 'హైట్స్ ఆఫ్ ఏబ్రహాం' కొండకి 1984 నుంచి కేబుల్ కారు నడుస్తోంది. పైకి చేరేదాకా అమ్మ కళ్ళు మూసుకుని భద్రాద్రి రామయ్యనే తలుచుకుంది!

1844లో కట్టిన విక్టోరియా టవరు చూసి, పులిహోర తిని, గుహలోకి దిగాం. ఒకప్పుడు అక్కడ సీసం తవ్వేవారు. దీపం వెలుగు అందని మూల చూపిస్తూ అమ్మ నెమ్మదిగా అంది: "మీ నాన్న రోజూ ఇట్లాంటి చీకట్లోకే దిగేవాడురా."

నాన్నది ఇల్లందులో సింగరేణి ఉద్యోగం. ఇంట్లో ఏనాడూ గని మాట ఎత్తలేదు. మేమూ అడగలేదు. తిరుగుదారిలో పిల్లలు తాతయ్య గురించి ఒకటే ప్రశ్నలు. నాకు జవాబులు తెలియవు. అన్నీ అమ్మే చెప్పింది.

మీ ఇంటికీ పెద్దవాళ్ళు వచ్చి ఉంటే, విమానం ఎక్కించేలోగా అడగండి. సెలవు.